అరవై ఒకటో టేకు

ఫిల్ము మీద సినిమాలు తీసే రోజుల్లో స్టూడియో ఫ్లోర్ల మీద ఒక లెక్క వుండేది. రెండు మూడు టేకుల్లో షాటు ఓకే అయితే ఆర్టిస్టు గట్టివాడని పేరు. పది దాటితే డైరెక్టరు మొహంలో నవ్వు మాయం. ఇరవై దాటితే, ఖర్చయిపోతున్న ఫిల్ము అడుగులు లెక్కపెట్టుకుంటూ ప్రొడ్యూసరు మెల్లిగా బయటికి నడిచేవాడు. మరి అరవై టేకులు తిన్న ఆర్టిస్టుని అరవై ఒకటోసారి కెమెరా ముందు నిలబెట్టే నిర్మాత ఎక్కడైనా వుంటాడా? వుండడు. ఒకవేళ వుంటే అతను నిర్మాత కాదు, ఆ ఆర్టిస్టుకి స్వంత మేనమామ అయివుంటాడు!

టెన్నిస్ ఆటలో మాత్రం అలాంటి ఆర్టిస్టు ఒకడున్నాడు. మేనమామ ఎవరూ లేరు. తనని తానే అరవై ఒక్కసార్లు నిలబెట్టుకున్నాడు. అరవై ఒకటోసారి షాటు ఓకే అయింది. ఆ రోజుకి అతనికి నలభై మూడు నిండి, నలభై నాలుగో పుట్టినరోజు అయిదు వారాల దూరంలో వుంది.

పేరు రోహన్ బోపన్న. మనం కూర్గ్ అని పిలుచుకునే కొడగు కాఫీతోటల మనిషి. 2024 జనవరి 27న మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియా భాగస్వామి మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ కప్పు ఎత్తాడు. పెద్ద పోటీల్లోకి ప్రొఫెషనల్ ఆటగాళ్ళని రానివ్వడం మొదలైన 1968 నుంచి అంత వయసులో పురుషుల గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన మనిషి మరొకడు లేడు.

సినిమా పత్రికలో టెన్నిస్ ఏమిటయ్యా అంటారా? మన పరిశ్రమలో ప్రతి గల్లీలోనూ వినబడే ప్రశ్న ఒకటుంది. ‘ఇన్నాళ్ళయింది, ఇంకా ఎన్నాళ్ళు? ఎప్పుడు మానెయ్యాలి?’ ఆ ప్రశ్న ఈ మనిషికి ఎదురైంది. అతను దానికి ఏం జవాబు చెప్పాడో చూద్దామనే ఈ వారం ఈ కథ.

*

బోపన్న 1980 మార్చి 4న పుట్టాడు. తండ్రికి కాఫీతోట. కొడగులో పిల్లవాడు చేతికర్ర పట్టుకున్నాడంటే అది హాకీ కర్రే అయివుంటుంది. ఆ సీమకి హాకీ అంటే అంత ప్రాణం. ఈ కుర్రాడు హాకీ, ఫుట్‌బాల్ కూడా ఆడాడు గానీ, పదకొండో ఏట టెన్నిస్ రాకెట్ పట్టుకున్నాడు. ఈ రోజుల లెక్క ప్రకారం అది ఆలస్యమే. పేరు తెచ్చుకున్న వాళ్ళలో చాలామంది నాలుగైదేళ్ళకే రాకెట్ పట్టుకున్నవాళ్ళు.

పెద్ద ఊళ్ళలో వుండే సదుపాయాలు కొండల మీద ఎక్కడివి? సర్వీసులో బలం రావడానికి కట్టెలు కొట్టాడు. ఊపిరి నిలవడానికి కాఫీతోటల్లో పరుగులు తీశాడు. పగుళ్ళు వేసిన కోర్టుల మీద ఆడాడు. ఇవన్నీ ఆట చాలించేటప్పుడు తనే తలుచుకున్న సంగతులు. ఆ గొడ్డలి దెబ్బల ఫలితం తర్వాత ప్రపంచమంతా చూసింది. ఆరడుగుల పైచిలుకు మనిషి, చెయ్యి పైకెత్తి సర్వీసు దించాడంటే అవతలివాడి రాకెట్ మణికట్టు దాకా అదిరేది.

అయినా సింగిల్స్‌లో దారి తెరుచుకోలేదు. అతని సింగిల్స్ ర్యాంకు ఎంత ఎక్కినా 213 దగ్గర ఆగిపోయింది. పెద్ద టోర్నమెంటుల్లో నేరుగా చోటు దొరకాలంటే దాదాపు మొదటి వందమందిలో వుండాలి. 213 అంటే గేటు బయట క్యూ అన్నమాట. ఆ క్యూలో నిలబడే వయసు దాటిపోతుండగా డబుల్స్‌కి మళ్ళాడు.

డబుల్స్ అనగానే మన జనానికి ఒక చిన్నచూపు. సింగిల్స్ ఆడలేనివాళ్ళు డబుల్స్ ఆడతారని! హీరో కాలేనివాడు హీరో స్నేహితుడి వేషం వేసినట్టు. చిన్నచూపు జనంలోనే కాదు, డబ్బులోనూ వుంది. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకి ఇచ్చింది 31 లక్షల 50 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు. డబుల్స్‌లో గెలిచిన జంటకి, ఇద్దరికీ కలిపి, 7 లక్షల 30 వేలు. పంచుకుంటే మనిషికి 3 లక్షల 65 వేలు. మొదటి రౌండ్లలో డబుల్స్ ఆటలు పక్క కోర్టుల్లో జరుగుతాయి. సగం కుర్చీలు ఖాళీ.

కానీ ఆట తెలిసినవాళ్ళు ఆ పక్క కోర్టుల దగ్గరే తచ్చాడుతుంటారు. ఎందుకో చెబుతాను. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కి రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చి 36 అడుగులు చేస్తారు. మనుషులు రెండింతలయ్యారు, స్థలం మూడోవంతే పెరిగింది. కాబట్టి ఖాళీలు తక్కువ, పరుగు తక్కువ. కన్ను, చెయ్యి, ఆలోచన మాత్రం రెండింతల వేగంతో పనిచెయ్యాలి. ఒకడు సర్వీసు చేస్తుంటే రెండోవాడు నెట్ దగ్గర వంగి, వీపు వెనక వేళ్ళతో సైగ చేస్తాడు. ‘నేను అటు దూకుతున్నా, నువ్వు ఇటు కాసుకో’ అని. సైగ చేసినవాడు దూకి తీరాలి. చూసినవాడు ఆ ఖాళీ కాసి తీరాలి. ఒకడు మాట తప్పితే పాయింటు పోతుంది. రెండుసార్లు తప్పితే నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక ఎంత పెద్ద సర్వీసు వున్నా ఆ జంట నిలవదు.

అంటే డబుల్స్ ఆటగాడికి రెండు విద్యలు కావాలి. ఒకటి బంతిని కొట్టడం. రెండోది పక్కవాడికి ధైర్యంగా వుండడం. మొదటిది వయసుతో తగ్గుతుంది. రెండోది వయసుతో పెరుగుతుంది. బోపన్న కథకి కీలకం అంతా ఇక్కడే వుంది.

*

జోడీల సంగతికి వద్దాం. హిట్ పెయిర్ అంటే మన పాఠకులకి నేను చెప్పాలా?

బోపన్నకి మొదటి హిట్ పెయిర్ పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీ. భారత్, పాకిస్తాన్ అంటే క్రికెట్ మైదానంలో ఎలా వుంటుందో మనకి తెలుసు. వీళ్ళిద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. ‘యుద్ధం ఆపండి, టెన్నిస్ మొదలెట్టండి’ అన్న నినాదం రాసిన బట్టలు తొడుక్కున్నారు. వాఘా సరిహద్దు మీద నెట్ కట్టి ఆట ఆడాలన్న ఆలోచన కూడా బయటపెట్టారు. పత్రికల వాళ్ళు ‘ఇండో-పాక్ ఎక్స్‌ప్రెస్’ అని పేరు పెట్టేశారు.

ఆ ఎక్స్‌ప్రెస్ 2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లో అమెరికన్ ఓపెన్ ఫైనల్ దాకా పోయింది. ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల రాయబారులూ వచ్చి ఒక్కచోట కూర్చుని ఆట చూశారు. అవతల బాబ్, మైక్ బ్రయాన్ సోదరులు. కవల పిల్లలు! తల్లి కడుపులోంచే జంటగా వచ్చినవాళ్ళతో జంట ఆట ఆడి గెలవడం ఎలా? రెండు సెట్లూ టై-బ్రేక్ దాకా వెళ్ళాయి. రెండూ పోయాయి. 7-6, 7-6. రాయబారులు చప్పట్లు కొట్టారు. కప్పు బ్రయాన్లు పట్టుకుపోయారు.

ఆ ఓటమికి పదిరోజులు తిరక్కుండానే బోపన్న మద్రాసులో, అదే చెన్నైలో, నుంగంబాకం స్టేడియంలో వున్నాడు. డేవిస్ కప్ పోటీ, బ్రెజిల్‌తో. మొదటిరోజు రెండు సింగిల్సూ మనం ఓడాం. ఓడినవాళ్ళలో బోపన్న కూడా వున్నాడు. తర్వాత పేస్, భూపతి డబుల్స్ గెలిచారు. సోమ్‌దేవ్ సింగిల్స్‌లో అవతలి ఆటగాడు మధ్యలో తప్పుకున్నాడు. రెండుకి రెండు. చివరి సింగిల్స్ ఎవరు ఆడాలి? సింగిల్స్‌లో 213 దాటనివాడే ఆడాలి! రికార్డో మెల్లో మీద 6-3, 7-6, 6-3. మూడు సెట్లు వరసగా. సింగిల్స్ తనని వద్దందని అనుకున్న మనిషి, దేశానికి అవసరమైన ఒక్కరోజు సింగిల్స్‌లో నిలబడి గెలిపించాడు.

అన్నీ ఇలా తియ్యగా వుంటాయా? వుండవు. 2012 లండన్ ఒలింపిక్స్‌ని దృష్టిలో పెట్టుకుని ఖురేషీతో జోడీ విడిచి మహేశ్ భూపతితో కలిశాడు. తీరా ఒలింపిక్స్ దగ్గరపడేసరికి ఎవరు ఎవరితో ఆడాలన్న తగువు వీధిన పడింది. భూపతీ, బోపన్నా పేస్‌తో ఆడమన్నారు. చివరికి రెండు జంటల్ని పంపాల్సివచ్చింది. పేస్ పక్కన మన హైదరాబాద్ ఆటగాడు విష్ణువర్ధన్ నిలబడ్డాడు. రెండు జంటలూ రెండో రౌండులోనే ఇంటిదారి పట్టాయి. డబుల్స్ అంటే నమ్మకమని పైన రాశాను చూడండి, అది లేనప్పుడు మంచి ఆటగాళ్ళు నలుగురున్నా ఒక్క జంట తయారు కాదని ఆ యేడు దేశం మొత్తం చూసింది. ఆ తప్పులో బోపన్న వాటా కూడా వుంది. మనకి నచ్చిన మనిషి కదా అని దాన్ని దాచిపెట్టనక్కర్లేదు.

2013 జూలైలో అతని డబుల్స్ ర్యాంకు 3. అప్పటికి ముప్ఫై మూడేళ్ళు. ఇక ఇదే శిఖరం, ఇక్కణ్ణుంచి దిగుడే అని అందరూ అనుకున్నారు.

తర్వాత జోడీలు మారుతూనే వున్నాయి. రుమేనియా ఆటగాడు ఫ్లోరిన్ మెర్జియాతో 2015లో మాడ్రిడ్ గెలిచాడు. ఉరుగ్వే ఆటగాడు పాబ్లో క్యువాస్‌తో 2017లో మాంటెకార్లో గెలిచాడు. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కెనడా అమ్మాయి గాబ్రియేలా డబ్రోవ్‌స్కీతో ఆడాడు. ఫైనల్లో మొదటి సెట్ పోయింది. చివర్లో రెండు మ్యాచ్ పాయింట్లు అవతలి వాళ్ళ చేతిలో వున్నాయి. ఒక్క బంతి అటూ ఇటూ అయితే ఆట ముగిసినట్టే. రెండూ కాచుకుని 2-6, 6-2, 12-10తో గెలిచారు. పేస్, భూపతి, సానియాల తర్వాత గ్రాండ్‌స్లామ్ గెలిచిన నాలుగో భారతీయుడు అయ్యాడు.

సరే, మిక్స్‌డ్ వచ్చింది. పురుషుల డబుల్స్ రాలేదు. వెలితి వెలితే.

*

సానియా పేరు వచ్చింది కాబట్టి మన హైదరాబాద్ సంగతి చెప్పకుండా ముందుకెళ్తే పాఠకులు ఊరుకోరు.

సానియా మీర్జాకి పద్నాలుగేళ్ళప్పుడు మొట్టమొదటి మిక్స్‌డ్ డబుల్స్ భాగస్వామి ఈ బోపన్నే. ఇద్దరూ కలిసి జాతీయ టైటిల్ గెలిచారు. ఆ తర్వాత ఆమె ఆకాశానికి ఎగిరింది. వింబుల్డన్, అమెరికన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కప్పులు, ప్రపంచ నంబర్ వన్. అతను నేలమీద నడుస్తూనే వున్నాడు.

2016లో రియో ఒలింపిక్స్‌కి ఇద్దరూ మళ్ళీ జంటగా వెళ్ళారు. సెమీఫైనల్లో వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంట మీద మొదటి సెట్ 6-2తో గెలిచారు. పతకం చేతికందినట్టే అనుకున్నాం. అక్కణ్ణుంచి ఆట తిరగబడింది. 2-6, 3-10. కంచు పతకం కోసం ఆడిన మర్నాటి ఆట కూడా పోయింది. నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమంత చేదు మరొకటి లేదు. ఓడినవాడికైనా నిద్ర పడుతుంది, నాలుగోవాడికి పట్టదు.

2023 జనవరి 27. మెల్‌బోర్న్‌లో పెద్ద కోర్టు, రాడ్ లేవర్ ఎరీనా. సానియాకి అది చివరి గ్రాండ్‌స్లామ్. పక్కన ఎవరు? మొట్టమొదటి భాగస్వామే, ముప్ఫై ఆరేళ్ళ ఆమె పక్కన నలభై రెండేళ్ళ బోపన్న. ఫైనల్ దాకా వచ్చారు. బ్రెజిల్ జంట స్టెఫానీ, మాటోస్ చేతిలో ఓడారు. మైకు ముందు సానియా గొంతు పూడుకుపోయింది. పద్నాలుగో ఏట తనకి మొదటి భాగస్వామి ఇతనేనని ఆ కన్నీళ్ళ మధ్యే చెప్పింది. పక్కన నిలబడ్డ బోపన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. జనవరి 27. మళ్ళీ పని వుంది.

*

ఇప్పుడు రెండేళ్ళు వెనక్కి వెళదాం. అసలు కథ అక్కడుంది.

2021. బోపన్నకి నలభై ఒకటి. కరోనా రోజులు. ఏడాది మొదలై నెలలు గడుస్తున్నా ఒక్క గెలుపు లేదు. ఊరూరా తిరిగి, హోటల్ గదుల్లో బందీగా వుండి, కోర్టు మీదికి వెళ్ళి ఓడిపోయి రావడం. ఇంటి దగ్గర భార్య, చిన్నపిల్ల. పోర్చుగల్‌లో ఎస్టోరిల్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఒకరోజు సముద్రం కేసి చూస్తూ కూర్చుని తనని తాను అడిగాడట: ఒక్క ఆటా గెలవడం లేదు, ఇంటి దగ్గర కుటుంబం వుంది, నేనిక్కడ ఏం చేస్తున్నాను? తర్వాత ఈ సంగతి అతనే చాలాసార్లు చెప్పాడు.

దానికి తోడు మోకాళ్ళు. రెండు ఎముకల మధ్య మెత్తగా వుండే కార్టిలేజ్ అరిగిపోయింది. నొప్పి బిళ్ళలు రోజుకి రెండు మూడు మింగితే గానీ ఆడలేని పరిస్థితి. నలభై ఏళ్ళు దాటిన మనిషికి మోకాళ్ళు పోతే డాక్టరు ఏం చెబుతాడు? మెట్లెక్కడం తగ్గించమంటాడు. ఈయన అయిదు ఖండాల్లో టెన్నిస్ ఆడాలి!

ఇక్కడ మామూలు మనిషి మానేస్తాడు. మానేసినా ఎవరూ తప్పుపట్టరు. బోపన్న ఏం చేశాడంటే, బెంగుళూరులో అయ్యంగార్ యోగా పట్టుకున్నాడు. పూనాలో బి.కె.ఎస్. అయ్యంగార్ తీర్చిదిద్దిన పద్ధతి అది. తాళ్ళు, దిండ్లు, కుర్చీలు ఆసరాగా పెట్టుకుని ఒళ్ళు వంచడం. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి గంటన్నర. దాంతో కాళ్ళ చుట్టూ కండరం గట్టిపడింది. నొప్పి బిళ్ళలు మానేశాడు. అరిగిన కార్టిలేజ్ తిరిగి రాదు. కానీ దాని పని పక్కనున్న కండరం చేసిపెట్టసాగింది. ఒంట్లో కూడా డబుల్స్ భాగస్వామిని వెతుక్కున్నాడన్నమాట!

ఆటలో కూడా సర్దుబాట్లు చేసుకున్నాడు. కుర్రాడిలా ప్రతి బంతికీ పరిగెత్తడం కాదు, పెద్ద సర్వీసు, గట్టి రిటర్ను, నెట్ దగ్గర చురుకు. పాయింటు ఎంత త్వరగా ముగిస్తే మోకాలికి అంత మేలు. మామూలు టోర్నమెంటుల్లో డబుల్స్‌కి 2006 నుంచి చిన్న వెసులుబాటు వుంది. మూడో సెట్ బదులు పది పాయింట్ల టై-బ్రేక్ ఆడిస్తారు. గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్‌లో మాత్రం అది చెల్లదు. అక్కడ మూడో సెట్ మూడో సెట్టే. వయసు చూసి ఎవరూ కన్సెషన్ ఇవ్వరు.

2022లో నెదర్లాండ్స్ ఆటగాడు మిడిల్‌కూప్‌తో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ చేరాడు. అక్కడ అరెవాలో, రోజర్ జంట చేతిలో మూడో సెట్ చివరి టై-బ్రేక్‌లో 10-8తో ఓటమి. ఆ జంటే కప్పు గెలిచింది. అందులో రోజర్‌కి నలభై ఏళ్ళు. గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్ నెగ్గినవాళ్ళలో అందరికన్నా పెద్దవాడన్న రికార్డు అతనిదైంది. ఇదీ గుర్తుపెట్టుకోండి.

*

2023లో మాథ్యూ ఎబ్డెన్ వచ్చాడు. ఆస్ట్రేలియావాడు, తనకన్నా ఏడేళ్ళు చిన్న. మార్చిలో ఇండియన్ వెల్స్‌లో పెద్ద టైటిల్ గెలిచారు. ఆ స్థాయి టోర్నమెంటు గెలిచినవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు అప్పటిదాకా కెనడా ఆటగాడు నెస్టర్, 42 ఏళ్ళప్పుడు. బోపన్నకి 43.

సెప్టెంబరులో మళ్ళీ న్యూయార్క్. పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ అమెరికన్ ఓపెన్ ఫైనల్. అవతల మళ్ళీ రాజీవ్ రామ్, పక్కన ఇంగ్లండు ఆటగాడు సాలిస్‌బరీ. మొదటి సెట్ 6-2 మనది. రెండోది పోయింది. మూడో సెట్‌లో ఒక బంతి బోపన్న చేతికి రాసుకుంటూ పోయింది. అంపైరు చూడలేదు. అవతలి వాళ్ళు అడగలేదు. బోపన్నే వెళ్ళి చెప్పాడు, బంతి నా చేతికి తగిలింది, పాయింటు వాళ్ళదని.

అరవై దాకా లెక్క వచ్చిన మనిషి. నలభై మూడేళ్ళ వయసు. ఇదే ఆఖరి అవకాశం కావచ్చు. ఒక్కొక్క పాయింటూ బంగారం. అలాంటప్పుడు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? తనకి తెలుస్తుంది. పక్కవాడికి తెలుస్తుంది. వీపు వెనక సైగ నమ్మి బతకాల్సిన ఆటలో ఆ రెండూ చాలు.

ఆ సెట్ 6-4తో పోయింది. కప్పు పోయింది. అరవైలో అదీ ఒకటి.

తర్వాత 2024 జనవరి, మెల్‌బోర్న్. అరవై ఒకటి. పురుషుల డబుల్స్‌లో అప్పటిదాకా అతను మూడో రౌండు దాటని ఊరు అది. ఈసారి క్వార్టర్ ఫైనల్ గెలవగానే ప్రపంచ నంబర్ వన్ స్థానం ఖాయమైంది. ఆ స్థానం తొలిసారి ఎక్కినవాళ్ళలో అంత పెద్దవాడు చరిత్రలో లేడు. సెమీఫైనల్లో అవతల నిలబడ్డ చెక్ కుర్రాడు మహాచ్‌కి ఇరవై మూడేళ్ళు. అతను పుట్టేనాటికే బోపన్నకి ఇరవై నిండాయి! మన గుమ్మడి గారు తనకన్నా పెద్దవాళ్ళయిన రామారావు, నాగేశ్వరరావులకి తండ్రిగా వేసి మెప్పించారు. ఇక్కడ వ్యవహారం తలకిందులు. తండ్రి వయసు మనిషి కుర్రాళ్ళతో సమానంగా కుర్రవేషం కట్టాడు. మూడో సెట్ టై-బ్రేక్ 10-7తో గట్టెక్కాడు.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు పద్మశ్రీ ప్రకటించారు. ఫైనల్ ఏ రోజు? జనవరి 27. ఏ కోర్టు? రాడ్ లేవర్ ఎరీనా. సరిగ్గా ఏడాది కిందట సానియా కంటతడి పెట్టిన రోజు, అదే చోటు. ఇటలీ జంట బొలెల్లి, వవస్సోరిల మీద 7-6, 7-5. మొదటి సెట్ టై-బ్రేక్‌లో అవతలి వాళ్ళకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. రోజర్ రికార్డు బోపన్న పేరు మీదికి మారింది. సినిమా రచయిత ఎవరైనా ఇలా రాసుకొస్తే ‘మరీ కలిసొచ్చేట్టు రాశావయ్యా, జనం నమ్మరు’ అని డైరెక్టరు కొట్టేసేవాడు.

*

ఇక మొదట్లో వేసుకున్న ప్రశ్న. ఎప్పుడు మానెయ్యాలి?

బోపన్న కథ చెప్పి ‘చూశారా, ఓపిక పడితే ఎవరికైనా వస్తుంది’ అనడం చాలా తేలిక. అది అబద్ధం కూడా. అరవై ఒక్కసార్లు ప్రయత్నించి ఏమీ రానివాళ్ళు టెన్నిస్‌లోనూ వున్నారు, మన కృష్ణానగర్‌లోనూ వున్నారు. వాళ్ళ ఓపిక తక్కువేమీ కాదు. వాళ్ళ గురించి కాలమ్‌లు రాయరు, అంతే.

నాకు ఈ కథలో ఓపిక కన్నా విలువైంది వేరే కనబడింది. అతను వూరికే కూర్చుని ఎదురుచూడలేదు. ఒళ్ళు మొరాయిస్తే ఒంటిని బాగుచేసుకున్నాడు. జోడీ కుదరకపోతే జోడీ మార్చుకున్నాడు. సింగిల్స్ దారి మూసుకుపోతే డబుల్స్ దారి పట్టి, దాన్ని చిన్నతనంగా అనుకోకుండా అదే తన వృత్తి అనుకున్నాడు. అరవైసార్లూ అదే తప్పుతో ఓడలేదు.

రెండో సంగతి. పందొమ్మిదిమంది భాగస్వాములు అంటే జోడీలు అన్నిసార్లు విడిపోయాయని ఒక అర్థం. నిజమే. కానీ ఇంకో అర్థం కూడా వుంది. పద్దెనిమిదిమంది తర్వాత కూడా, నలభై దాటాక కూడా, మోకాళ్ళు అరిగిపోయాక కూడా, ‘నీ పక్కన నేను ఆడతాను’ అనడానికి పందొమ్మిదోవాడు వచ్చాడు. మార్కెట్టు పోయిన మనిషికి ఫోను రాదు. ఇతనికి వస్తూనే వుంది. ఎందుకొచ్చిందో న్యూయార్క్‌లో చేతికి రాసుకుపోయిన ఆ బంతిని అడిగితే చెబుతుంది. మానెయ్యాల్సిన రోజు ఎప్పుడయ్యా అంటే, నా లెక్కలో, మన పక్కన నిలబడడానికి ఎవరూ ముందుకు రాని రోజు. అప్పటిదాకా ఆట వున్నట్టే.

2024 మార్చిలో మయామీ టైటిల్ గెలిచి, ఇండియన్ వెల్స్‌లో తను నెలకొల్పిన వయసు రికార్డుని నలభై నాలుగో ఏట తనే చెరిపేశాడు. ఆగస్టు రాకముందే పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండులో ఓడి, దేశం తరఫున ఆడడం చాలించాడు. ఎబ్డెన్‌తో జోడీ కూడా ఆ ఏడాదితో ముగిసింది. 2025 నవంబర్ 1న, నలభై అయిదేళ్ళ వయసులో, మొత్తం ఆటకే వీడ్కోలు చెప్పాడు. ఖాతాలో 26 టూరు టైటిళ్ళు.

చివరి ఆట పారిస్‌లో, కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్ పక్కన. మొదటి రౌండే. ఆఖరి టై-బ్రేక్ 10-8తో పోయింది. గెలిచి వెళ్ళిపోతే కథకి అందం వచ్చేదని మీకు అనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే సరిగ్గా వుందనిపించింది. నలభై అయిదేళ్ళ మనిషి, ఇక ఏ రికార్డూ మిగల్లేదు, అయినా 10-8 దాకా లాగాడు.

ఈసారి టీవీలో టెన్నిస్ వస్తుంటే, పెద్ద కోర్టు ఆట అయిపోగానే కట్టెయ్యకండి. పక్క కోర్టులో నలుగురు మనుషులు ఆడుతుంటారు, కుర్చీలు సగం ఖాళీగా వుంటాయి. నెట్ దగ్గర వంగినవాడి వీపు వెనక వేళ్ళు ఏం చెబుతున్నాయో కాస్త చూడండి.